నాన్న ఫోన్‌లో పొలం పనులు: ఒక ఆదివారం కూర్చుని సెట్ చేసి పెట్టండి

మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు ఊరు. సొంతం రెండెకరాలు, కౌలుకి ఇంకో ఎకరం, ఎక్కువ మిర్చే, ఒక ముక్కలో పత్తి. నేను విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్నా, నాన్న ఊళ్లో సేద్యం చూసుకుంటాడు. పోయినేడాది మంచి ఫోనే కొనిచ్చా కానీ అందులో ఆయన చేసేదల్లా రీల్స్ చూడటం, వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగులు ఇంకో పదిమందికి పంపడం. తప్పు ఆయనది కాదులెండి, డబ్బా విప్పి చేతిలో పెట్టేసి బస్సెక్కి వచ్చిన నాది.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా కూర్చుని ఫోన్‌ని పొలానికి పనికొచ్చేలా సెట్ చేసి వచ్చా, మా బాబాయికి, ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా చేశా. మీ నాన్నో మావయ్యో రెండు మూడెకరాల రైతయితే మీకూ పనికొస్తుందని రాస్తున్నా. ఒక మాట ముందే చెప్తా, పాతిక యాప్‌లు వేసి రావొద్దు. నాలుగైదు చాలు, అవి కూడా ఆయన చేతికి అలవాటయ్యేవి మాత్రమే.

ముందు నంబర్ సంగతి తేల్చండి

యాప్‌లకంటే ముందు చూడాల్సింది ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ లింకైంది అనేది. మా ఇంట్లో నేనే తెలివిగా నా నంబర్ ఇచ్చా, నాన్నకి ఓటీపీలు చూడటం రాదు కదా అని. దాంతో ఏమైందంటే ఆయన రైతు సేవా కేంద్రంలో నిలబడితే ఓటీపీ నాకొచ్చేది, నేను ఫోన్ ఎత్తాలి, ఆయనకి చెప్పాలి, అది అయిపోయేలోపు కొట్టాలి. ఒకసారి నేను రైల్లో ఉన్నా, సిగ్నల్ లేదు, నాన్న రెండు గంటలు కూర్చుని తిరిగొచ్చేశాడు. ఇంటికి ఫోన్ చేస్తే నాతో మాట్లాడలేదు, అమ్మే మాట్లాడింది. ఆ వారమే ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి వేలిముద్ర వేయించి ఆయన నంబరే ఎక్కించా. మీరూ ఆయన నంబరే పెట్టించండి, ఓటీపీ చదవడం నేర్పండి, అరగంట పని.

రెండోది బ్యాంకు. పీఎం కిసాన్ లాంటి డబ్బులు ఆధార్‌కి లింకైన ఖాతాలోనే పడతాయి, మనం చెప్పిన ఖాతాలో కాదు. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఏది లింకయ్యిందో చాలామందికి తెలీదు, డబ్బులు పడలేదని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు, తీరా చూస్తే ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో పడి ఉంటాయి. మై ఆధార్ సైట్‌లోకి వెళ్లి ఓటీపీతో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, అందులో బ్యాంకు పేరు కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. పీఎం కిసాన్ అంటే ఏడాదికి 6000, మూడు విడతల్లో రెండేసి వేలు. మన రాష్ట్రంలో అన్నదాత సుఖీభవతో కలిపి ఏడాదికి 20,000 లెక్క. చిన్న రైతుకి ఎరువుల ఖర్చులో కొంత తీరుతుంది, కాబట్టి ఈ-కేవైసీ ఆగిపోయి ఉంటే అదే రోజు పూర్తి చేయించండి, పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి కూడా చేసుకోవచ్చు. మా నాన్న వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ తీసుకోదు, ఏళ్ల తరబడి కలుపు తీసిన చేతులు కదా, ముఖంతోనే అయ్యింది.

రికార్డులు: బోర్ కొడుతుంది కానీ వదలొద్దు

మీభూమి సైట్‌లో అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు రెండూ తీసి పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పేరులో అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని ఒక్కోటీ చూడండి. సెంట్లలో తేడా ఉన్నా, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు అక్కడే పని ఆగిపోతుంది.

తర్వాత ఈ-క్రాప్, అంటే ఏ చేలో ఏ పంట వేశామో ప్రభుత్వ రికార్డులో ఎక్కించడం. మన దగ్గర పంటకి సంబంధించి ఏది రావాలన్నా, నష్టపరిహారం కానీ బీమా కానీ కొనుగోలు కేంద్రంలో అమ్మడం కానీ, మొదట అడిగేది ఈ-క్రాప్‌లో ఉందా అనే. రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులు నమోదు చేస్తారు, చేనుకొచ్చి ఫోటో తీస్తారు, తర్వాత రైతు ఈ-కేవైసీ వెయ్యాలి. చాలామంది నమోదు అయ్యింది కదా అని కేవైసీ మర్చిపోతారు, అప్పుడు పని సగంలో ఆగినట్టే. మా పత్తి ముక్క ఒక ఏడాది మొత్తం మిర్చి కిందే ఎక్కేసింది, మేమూ చూసుకోలేదు, అమ్మబోయే టైమ్‌కి తెలిసింది. అందుకే నమోదు అయ్యాక రసీదు అడిగి తీసుకుని సర్వే నంబరు, పంట పేరు, ఎకరాలు చదివి ఫోటో తీసుకోండి. పత్తి వేసినవాళ్లకి ఇది మరీ ముఖ్యం, 2025 నుంచి సీసీఐకి, అంటే మద్దతు ధరకి పత్తి కొనే ప్రభుత్వ సంస్థకి, అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాలి, ముందు రికార్డు సరిగా ఉంటేనే ఆ పని ముందుకెళ్తుంది. పొడుగు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటాకి 8110, తేమ 8 శాతం దాటితే కోత పడుతుంది, 12 దాటితే తీసుకోరు. యాప్ ఎంత బాగున్నా తడి పత్తి తీసుకెళ్తే వెనక్కే.

కౌలు చేసేవాళ్లు సీసీఆర్‌సీ కార్డు, అంటే కౌలు రైతు గుర్తింపు కార్డు, తీసుకోండి, 11 నెలలకి ఇస్తారు. భూమి కౌలుకిచ్చినాయన సంతకానికి భయపడతాడు, ఏదో హక్కు పోతుందని. 2019 చట్టం ప్రకారం అది పంట మీద హక్కే కానీ భూమి మీద కాదు. ఈ మాట నేను మా కౌలు పొలం ఆయనకి మూడుసార్లు చెప్పా, మూడోసారి కాఫీ తాగుతూ సంతకం పెట్టాడు.

వాట్సాప్‌లో మన రాష్ట్ర ప్రభుత్వ సేవల నంబర్, మన మిత్ర, 95523 00009 సేవ్ చేసి పెట్టండి, హాయ్ అని పంపితే సర్టిఫికెట్లూ అర్జీలూ చాలా పనులు అక్కడే అవుతున్నాయి, మీసేవ దాకా వెళ్లే పని తగ్గింది.

వాన: అసలు ఫోన్ పనికొచ్చేది ఇక్కడే

మిర్చి రైతుకి ఫిబ్రవరి, మార్చిలో వాన అంటే ఏంటో చేసినవాళ్లకే తెలుసు. కాయ కోసి కల్లంలో ఆరబోసి ఉంటుంది, ఎర్రగా తివాచీ పరిచినట్టు. అర్ధరాత్రి చినుకు పడిందంటే ఇంటిల్లిపాదీ లేచి పట్టాలు కప్పడం. ఒక్క గంట తడిస్తే కాయ రంగు పోయి తాలు కింద జమ, తాలు కాయకి పలికే రేటు మీకు తెలిసిందే.

దీనికి రెండు యాప్‌లు. ఒకటి మేఘదూత్, వాతావరణ శాఖ వాళ్లది, తెలుగులో ఉంటుంది. జిల్లా పెట్టుకుంటే వచ్చే ఐదు రోజుల వాన, ఎండ, తేమ, గాలి చూపిస్తుంది, మంగళవారం, శుక్రవారం పంటల సలహాలు కొత్తవి వస్తాయి. మా నాన్న ఇప్పుడు ఆ రెండు రోజులూ టీ తాగుతూ అదే చదువుతాడు. రెండోది దామిని, పిడుగులది. లొకేషన్ ఆన్‌లో ఉంచితే 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే హెచ్చరిక వస్తుంది. మనవాళ్లు వానొస్తే చెట్టు కిందకి పరిగెత్తుతారు, పిడుగు టైమ్‌లో చేయకూడని పనే అది. ఈ యాప్ వేసేటప్పుడు కూలీకొచ్చే వాళ్ల ఫోన్లలో కూడా వేసి పెట్టండి, ఎక్కువ ప్రమాదం వాళ్లకే.

వీటితోపాటు ఒక చిన్న ట్రిక్కు చెప్తా. ఐదు రోజుల అంచనా కోతకి కూలీల్ని పిలవాలా వద్దా అనేదానికి పనికొస్తుంది కానీ, "ఇంకో రెండు గంటల్లో పట్టా కప్పాలా" అనేదానికి పనికిరాదు. దానికి వాతావరణ శాఖ సైట్‌లో మచిలీపట్నం రాడార్ బొమ్మ చూడాలి. మన ఊరు ఎక్కడుందో ఒకసారి నాన్నకి వేలు పెట్టి చూపించండి, రంగు మచ్చ ఎటు నుంచి ఎటు జరుగుతుందో పది, ఇరవై నిమిషాలు తేడాతో రెండుసార్లు చూస్తే చాలు, మన మీదకొస్తుందో పక్కకి పోతుందో అర్థమైపోతుంది. నేను ఆ పేజీని హోం స్క్రీన్ మీద షార్ట్‌కట్ పెట్టా. ఇప్పుడు మా వీధిలో సాయంత్రం మబ్బు పడితే "ఏరా, బందరు బొమ్మ ఏమంటుంది" అని నాన్ననే వచ్చి అడుగుతున్నారు, ఆయన కాస్త బెట్టు కూడా చేస్తున్నాడు.

60 శాతం వాన అని ఫోన్లో ఉంటే చేనులో 60 శాతం తడుస్తుందని కాదు, అట్టాంటి రోజులు పది వస్తే ఆరు రోజులు పడొచ్చని. ఇది చెప్పకపోతే పడని రోజు యాప్‌ని తిడతారు, ఇంక చూడటం మానేస్తారు.

పురుగూ తెగులూ: ఫోటో తియ్యడం కూడా ఒక పనే

ఆకు ఫోటో తీస్తే తెగులు చెప్పే యాప్‌లు ఉన్నాయి, ప్లాంటిక్స్ లాంటివి, తెలుగులోనే. మంచివే, కానీ మనం పంపే ఫోటోలు చూస్తే మనిషికే అర్థం కాదు, ఇంక యాప్‌కేం అర్థమవుద్ది. మిట్టమధ్యాహ్నం ఎండలో, నీడ పడేలా, చెట్టు మొత్తం ఒక మూల, చెప్పులు ఒక మూల.

ఇట్టా తియ్యండి. పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి. ఆకుని అరచేతిలో పెట్టుకుని పైభాగం ఒకటి, తిప్పి కిందిభాగం ఒకటి, తర్వాత మొక్క మొత్తం ఒకటి, చివర్లో చాళ్లు కనపడేలా దూరం నుంచి ఒకటి. ఆకు ఎటు ముడుచుకుందో స్పష్టంగా పడాలి, ఎందుకంటే మిర్చిలో సగం కథ అక్కడే ఉంది. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలాగా ఉంటే పై ముడత, తామర పురుగు పని. కిందకి ముడుచుకుని తిరగేసిన పడవలాగా ఉంటే కింది ముడత, అది నల్లి. రెంటికీ మందు వేరు. ముడత అనగానే కొట్టువాడు ఇచ్చిన ఒకే మందు రెండింటికీ కొట్టి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

పూత మీద నల్ల తామర పురుగు ఉందేమో చూడాలంటే ఫోన్ కంటే తెల్ల కాగితం బెటర్. నాలుగైదు పువ్వులు కాగితం మీద దులపండి, సన్నగా నల్లటి గీతల్లాంటివి పరిగెత్తుతాయి, అప్పుడు ఆ కాగితానికి ఫోటో తియ్యండి. 2021-22లో ఇది మన దగ్గర చేలకి చేలే ఊడ్చేసింది, పూత మొత్తం రాలిపోయి కొంతమంది తోటలు పీకేశారు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టుకోమని చెప్పేది దీనికే, పసుపువి తెల్లదోమకి. వారానికోసారి అదే అట్టకి అదే చోట ఫోటో తీసి పెడితే పురుగు పెరుగుతుందా తగ్గుతుందా అనేది ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇది మా బాబాయి సొంతంగా కనిపెట్టాడు, నేను నేర్పలేదు.

యాప్ చెప్పింది ఫైనల్ అనుకోవద్దు. యాప్ పేరు చెప్తుంది, ఆ పేరు పట్టుకుని మనిషిని అడగాలి. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు, కీప్యాడ్ ఫోన్ నుంచైనా చెయ్యొచ్చు. రైతు సేవా కేంద్రాల కాల్ సెంటర్ 155251. మనకైతే గుంటూరు పక్కనే లాం ఉంది, మిర్చి పరిశోధనకి పేరున్న చోటు, యార్డులో 334 అని అరుస్తారే, ఆ మిర్చి రకం ఎల్‌సీఏ 334, లాంలో పుట్టిందే. ఫోటోలు సరిగ్గా తీసుకుని ఒక పూట అక్కడికి పోయిరావడం కూడా వేస్ట్ కాదు.

చాట్‌బాట్‌లని మందు మోతాదు అడగొద్దని నా గట్టి అభిప్రాయం. ఫోన్‌ని వేరే పనికి వాడండి. మందు డబ్బా మీద రాసిందంతా చీమతలకాయంత ఇంగ్లీషు కదా, గూగుల్ లెన్స్ పెట్టి తెలుగులోకి మార్చి చదివించండి, మోతాదు ఎంత, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలి అనేవి కంపెనీ రాసినవే కనపడతాయి. డబ్బా మీద త్రికోణం రంగు కూడా నేర్పండి, ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ కాస్త తక్కువ. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

ఇంకోటి, విత్తనం ప్యాకెట్లు, మందు బిల్లులు పారెయ్యొద్దు, లాట్ నంబరు కనపడేలా ఫోటో తీసి ఒక ఆల్బమ్‌లో వేయండి. విత్తనం తేడా చేస్తే అడగటానికి మన చేతిలో ఉండేది అదొక్కటే.

రేటు చూడటం వేరు, రేటు అర్థం చేసుకోవడం వేరు

గుంటూరు మిర్చి యార్డు రేట్లు పొద్దున పదకొండు దాటేసరికి వాట్సాప్ గ్రూపుల్లో వాయిస్ మెసేజిలుగా తిరుగుతుంటాయి. తేజ ఇంత, 341 ఇంత, బాడిగ ఇంత అని మిర్చి రకాల వారీగా. వాటిలో మనకి వినపడేది పై రేటు ఒక్కటే, ఇంటికొచ్చి అదే కలవరిస్తాం. ఆ రేటు ఆ రోజు ఎక్కడో ఒక డీలక్స్ లాట్‌కి, అంటే మేలు రకం కాయకి, పడి ఉంటుంది.

ఈ-నామ్ యాప్ వేసుకోండి, 2016 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ మార్కెట్ అది, లాగిన్ లేకుండానే రేట్లు చూడొచ్చు, తెలుగు పెట్టుకోవచ్చు. రాష్ట్రం, యార్డు, సరుకు పెడితే మూడు రేట్లు చూపిస్తుంది, కనిష్ఠం, గరిష్ఠం, మధ్యలో మోడల్ అని ఒకటి. ఆ మోడల్ అంటే ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన రేటు. మీ నాన్నకి ఆ మధ్యదే చూడమని చెప్పండి. పది రోజులు ఆ ఒక్క అంకె నోట్‌బుక్‌లో రాసుకుంటే మార్కెట్ ఎటు పోతుందో తెలుస్తుంది, ఒక్కరోజు రేటు చూసి లారీ ఎక్కిస్తే జూదమే.

కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా ఇప్పుడే అమ్మాలా అనేదానికి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. ఒక లెక్క చెప్తా, అంకెలు ఊరికే ఉదాహరణకి. 50 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒక్కోటి 40 కిలోలు అనుకుంటే 20 క్వింటాళ్లు. క్వింటాకి 500 పెరుగుద్దని ఆగితే వచ్చేది 10,000. అందులోంచి స్టోరేజీ అద్దె, రానూపోనూ బండి, హమాలీ, అప్పు తెచ్చి ఉంటే అన్ని నెలల వడ్డీ, కాయ తూకం తగ్గేది, ఇవన్నీ తీసెయ్యండి. మిగిలింది చూసి అప్పుడు ఆగండి. 2025లో రేటు ఎంత పడిపోయిందంటే కేంద్రం దిగొచ్చి మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 అని ప్రకటించాల్సొచ్చింది, అంతకు ముందు మంచి రేట్లు చూసి ఆగినవాళ్లు ఏమయ్యారో మన ఊళ్లల్లోనే అడగండి. ఏ యాప్ కూడా రేపటి రేటు చెప్పలేదు, చెప్తానన్న యూట్యూబ్ వాడిని అసలు నమ్మొద్దు.

కాటా వేసేటప్పుడు కాటా తెర మీద అంకె, చీటీ రెండూ ఒకే ఫోటోలో పడేలా తియ్యమనండి. గొడవకి కాదు, లెక్కకి. ఫోన్ తీస్తే కాటా దగ్గర మాట తీరే మారిపోద్ది, అది వేరే సంగతి.

కొనేవి, అద్దెకి తెచ్చుకునేవి

మొబైల్ స్టార్టర్ ఒక్కటే నేను కొనమని చెప్పేది. బోరు మోటారు స్టార్టర్‌కి పక్కన బిగిస్తారు, అందులో సిమ్ ఉంటుంది, ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్, ఆఫ్. త్రీఫేజు కరెంటు వచ్చిందో లేదో చెప్తుంది, ఒక ఫేజు పోతే ఆపేస్తుంది, బోర్లో నీళ్లు లాగకపోయినా ఆపేస్తుంది, మోటారు కాలడం తగ్గుతుంది. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని, పాములు దాటుకుంటూ గట్ల మీద నడవడం తప్పింది, ఆ ఒక్కదానికే డబ్బులు తీరిపోయాయి అంటుంది అమ్మ.

కొనేటప్పుడు చూడాల్సినవి: మీ మోటారు ఎన్ని హెచ్‌పీ, స్టార్టర్ ఏ రకం అనేది ముందే ఫోటో తీసుకెళ్లండి. చేలో ఏ సిమ్‌కి సిగ్నల్ ఉందో మోటారు దగ్గరే నిలబడి చూడండి, ఇంటి దగ్గర కాదు. ఎన్ని నంబర్లకి పనిచేస్తుందో అడగండి, కనీసం మూడు ఉండాలి. ఆ సిమ్ రీఛార్జ్ తేదీ మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. మేం మర్చిపోయాం ఒకసారి, వ్యాలిడిటీ అయిపోయింది, మెకానిక్‌ని పిలిపించి, డబ్బా విప్పించి, వైర్లన్నీ చూపించి, చివరికి ఆయన సిమ్ తీసి తన ఫోన్‌లో వేసి నవ్వాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆటో మోడ్‌లో ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, కాబట్టి బోరు దగ్గర రిపేరు ఉంటే ఆటో తీసెయ్యడం ఒక్కటే చాలదు, మెయిన్ కూడా దించి ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. ఇది నాన్నతో రెండుసార్లు చెప్పించుకోండి.

డ్రోన్ కొనే ఆలోచన రెండెకరాల రైతుకి అక్కర్లేదు, అద్దెకి పిలిపించుకుంటే చాలు. నమో డ్రోన్ దీదీ పథకంలో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకి కూడా ఇచ్చారు, మీ మండలంలో ఉన్నాయేమో రైతు సేవా కేంద్రంలో అడగండి. పిలిచే ముందు తెలియాల్సింది నీళ్ల లెక్క. తైవాన్ పంపుతో కొడితే ఎకరానికి 150, 200 లీటర్ల నీళ్లు పడతాయి, డ్రోన్‌కి 10 లీటర్లే. ఎకరానికి మందు ఎంత అని డబ్బా మీద ఉందో అంతే, నీళ్లే తక్కువ. అంటే మందు చాలా చిక్కగా పోతుంది, అందుకని డ్రోన్‌కి పనికొస్తుందని చెప్పిన మందే వాడాలి, రెండు మూడు మందులు కలిపి కొట్టించడం అసలు వద్దు, కలిపితే అడుగున పేరుకుని నాజిల్ మూసుకుపోద్ది, ఆకులు కూడా మాడతాయి. పొద్దున గాలి లేనప్పుడే, పక్క చేనువాళ్లకి చెప్పి, పశువులు లేకుండా చూసి. నడిపేవాళ్లకి పైలట్ సర్టిఫికెట్ ఉందా అడగండి, మొహమాటం వద్దు. నా అనుభవంలో పత్తికి, వరికి బాగుంది, మిర్చి బాగా గుబురుగా కమ్ముకున్నాక ఆకు కింద దాక్కున్న నల్లికి మాత్రం మనిషి పంపు పట్టుకుని కొట్టినంత గురి లేదు.

నేలలో పెట్టే తేమ సెన్సార్లు, చేలో పెట్టే వాతావరణ డబ్బాలు ఉన్నాయి, ఎక్స్‌పోల్లో చూస్తే ఆశ పుడుతుంది. పదిమంది కలిసి, ఎఫ్‌పీవో, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం, తరఫున పెట్టుకుంటే సరే, ఒక్కడికి మాత్రం ఇప్పుడే వద్దు. ముందు భూసార పరీక్ష చేయించండి, దానికి తక్కువలో అయిపోద్ది, యూరియా బస్తాలు ఒకటి రెండు మిగిలినా లాభమే.

దొంగ లింకులు

ఇది లేకుండా ఫోన్ చేతికిచ్చి రావొద్దు. "పీఎం కిసాన్ లిస్టు", "రైతు సబ్సిడీ" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కగానే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు, వస్తున్నాయి, అదీ మనకి తెలిసినవాళ్ల నంబర్ నుంచే, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది. నొక్కితే మెసేజిలు చదివేస్తుంది, ఓటీపీలు వాళ్లకి పోతాయి, ఖాతా ఖాళీ. కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ వాట్సాప్‌కి, క్రోమ్‌కి ఆపేసి రండి. ప్లే స్టోర్ తప్ప ఇంకెక్కడ్నించీ వద్దు. డబ్బులు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, ఇది అమ్మకి కూడా చెప్పండి. పొరపాటున పోతే వెంటనే 1930కి చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత. నామోషీ పడి రెండు రోజులు ఇంట్లో చెప్పకుండా ఉంటారు చూడండి, అక్కడే మొత్తం పోతుంది.

బస్సెక్కే ముందు

ఫోన్ భాష తెలుగులోకి మార్చండి, అక్షరాలు పెద్దవి చెయ్యండి, కీబోర్డులో మైకు గుర్తు చూపించి తెలుగులో మాట్లాడి వెతకడం నేర్పండి. పైన చెప్పిన యాప్‌లన్నీ మొదటి స్క్రీన్ మీదకి తెచ్చి మిగతావి లోపలికి తోసెయ్యండి. నంబర్లన్నీ పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించండి, ఛార్జింగ్ అయిపోయినప్పుడు, ఫోన్ నీళ్లల్లో పడినప్పుడు అదే దిక్కు.

తర్వాత చేతులు కట్టుకుని కూర్చుని ఆయన చేతే చేయించండి. రేపు వానుందా చూడు నాన్నా, నిన్న తేజ మోడల్ రేటు ఎంత, ఈ ఆకుకి ఫోటో తియ్యి. తడబడతాడు, విసుక్కుంటాడు, మీ చెయ్యి ఫోన్ మీదకి పోబోద్ది, ఆపుకోండి. మా నాన్నకి ఆకు ఫోటో తియ్యడం పదకొండోసారికి కుదిరింది, మొదటి పదిట్లో ఆయన బొటనవేలే ఉంది. ఆ పదీ నేను డిలీట్ చెయ్యబోతే "ఉంచరా, దాని గోరు చుట్టూ మిర్చి మంట ఎట్టా ఎర్రబడిందో చూడు, మీ అమ్మకి చూపించాలి" అన్నాడు.